శూన్యానికి మూడు ఫోటోలు

2012లో ఓ నాలుగు నెలలు నేను కళాకారుణ్ణి. అదీ ఆదివారాలు మాత్రమే. మిగతా ఆరు రోజులు మేడ్చల్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై గదిలో కూర్చుని, శామీర్‌పేట వైపు అమ్ముడుపోయిన పొలాలను కంప్యూటర్ మీద ప్లాట్లుగా గీసేవాణ్ణి. ఇక్కడ ముప్పై అడుగుల రోడ్డు, అక్కడ నలభై అడుగుల రోడ్డు, పార్కు పేరుతో ఎవరూ కొనని ఒక వంకర ముక్క. చేతికి మట్టి అంటకుండా జొన్న చేనును కాలనీ చేసే పని. కింది నుంచి వచ్చే సాంబారు వాసనకు పదకొండు గంటలకల్లా ఆకలి వేసేది. ఇలాంటి మనిషి మనసులో శూన్యం ఉందంటే ఎవరూ నమ్మరు. నేను మాత్రం నమ్మాను.

దానికి కారణం ఉంది. ముందు అది చెప్పాలి.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో నా భార్యకు ఐదో నెల. పెళ్ళయిన ఐదేళ్ళకు నిలిచిన కడుపు. ఒక బుధవారం పొద్దున, తను పాఠాలు చెప్పే బడికి తయారవుతూ, నడుము నొప్పిగా ఉందని మంచం మీద కూర్చుంది. సాయంత్రానికి ఆస్పత్రిలో డాక్టరమ్మ బయటికి వచ్చి, నా ముఖం వైపు కాకుండా భుజం వైపు చూస్తూ, బిడ్డ దక్కలేదని చెప్పింది. రెండు రోజుల తర్వాత ఆటోలో ఇంటికి వచ్చాం. డ్రైవరు ప్రతి గుంత దగ్గరా నెమ్మదించి, మాకు కుదుపు తగలకుండా తీసుకొచ్చాడు. ఇంక ఆ జాగ్రత్త ఎందుకని నాకు అనిపించింది. అతనికి మాత్రం దండం పెట్టి దిగాను.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా భార్య, మా నాయిన తల్లి. అమ్మా నాయినా నా చిన్నప్పుడే పోతే ఈ అవ్వే నన్ను పెంచింది. మేం ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే అవ్వ నన్ను వాకిట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ ముచ్చట ఇంట్ల ఎవలు ఎత్తొద్దు కొడుకా. ఎత్తుతే పిల్ల ఇంక కుంగిపోతది."

చక్కెర తెమ్మంటే ఉప్పు తెచ్చే మనిషిని నేను. అవ్వ చెప్పిన ఈ ఒక్క మాటను మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను. ఎందుకంటే అది నాకు బాగా పనికొచ్చింది. నేను ఆ మాట ఎత్తితే ఆమె ఏడుస్తుంది. ఆమె ఏడిస్తే నేనేం చేయాలో నాకు తెలియదు. కాబట్టి పెద్దల మాట వినడమే మంచిదని తీర్మానించుకున్నాను.

నా భార్య మూడు వారాలకే బౌరంపేటలో తన బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. రెండో తరగతి పిల్లలకు టీచరు. సాయంత్రం వచ్చి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని పిల్లల కాపీ పుస్తకాలు దిద్దేది. మేం మాట్లాడుకోవడం మానలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మానేస్తే కనీసం ఏదో జరిగిందని ఒప్పుకున్నట్టుండేది. రోజంతా మాట్లాడుకునేవాళ్ళం. నల్లా నీళ్ళు ఎప్పుడొస్తాయి, కుక్కర్ రబ్బరు ఎక్కడ దొరుకుతుంది, సూరారంలో వాళ్ళ అమ్మగారింటికి ఎప్పుడు పోదాం, బడి బస్సు ఎందుకు ఆలస్యమైంది. రాత్రి పడుకునే ముందు నేను "గ్యాస్ బంద్ చేసినవా" అని అడిగేవాణ్ణి. "చేసిన" అనేది. అంతటితో ఆ రోజు కాపురం ముగిసేది.

ఆమెతో చెప్పాలని ఉండేది. నాక్కూడా బిడ్డ పోయిందని, నేను కూడా పేర్లు అనుకున్నానని చెప్పాలి. నోరు తెరిస్తే కుక్కర్ రబ్బరు వచ్చేది. ఇట్లాగే ఇంకో ఏడాది గడిస్తే మేం ఇద్దరం ఒక ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మర్యాదస్తులం అయిపోతామని భయం వేసింది.

అప్పుడు దొరికింది నాకు కళ.

మా ఆఫీసులో బ్రోషర్ల కోసం కొన్న మంచి కెమెరా ఒకటి ఉండేది. మేం ప్లాట్లు వేసిన వెంచర్ల ఫోటోలు తీసేది నేనే కాబట్టి శనివారం ఇంటికి తెచ్చుకుని సోమవారం అప్పగించేవాణ్ణి. మా బ్రోషర్లు అచ్చువేసే ప్రెస్సు ఆయన ఒకసారి మాటల్లో చెప్పాడు, సిటీలో ఒక పార్కులో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళు నెలకొకసారి కలుస్తారని. ఆగస్టులో వెళ్ళాను. ఎనిమిది జేబుల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి చెట్టు కింద నిలబడి ట్రిప్టిక్ గురించి వివరిస్తున్నాడు. మూడు ఫోటోలు ఒకే ఫ్రేములో పక్కపక్కన పెట్టాలి. ఏ ఒక్కటీ విడిగా పూర్తి కాదు. మూడూ కలిసి ఒక మానసిక స్థితిని చెప్పాలి, మాటలు లేకుండా.

మాటలు లేకుండా అన్న దగ్గర నేను ముందుకు జరిగి కూర్చున్నాను.

సంవత్సరం చివర ప్రదర్శన పెడతామని, ఎవరెవరు ఏ మానసిక స్థితి తీసుకుంటారో చెప్పమని ఆయన అడిగాడు. ఒకామె ఆశ అంది. ఒకాయన బాల్యం అన్నాడు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన రిటైర్మెంట్ మానసిక స్థితి కిందికి వస్తుందా అని అడిగాడు. నా వంతు వచ్చినప్పుడు గొంతు కాస్త బరువు చేసి "శూన్యం" అన్నాను. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపులు నాకు ఎంత నచ్చాయంటే, తిరుగు బస్సులో మేడ్చల్ దాకా అదే ముఖం పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు కడుపులో తిప్పుతోందా అని అడిగి కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

నా పథకం ఇది. మూడు ఫోటోలు తీస్తాను. ఫ్రేము కట్టించి, ప్రదర్శనకు పంపే ముందు మా ముందు గదిలో గోడకు తగిలిస్తాను. నా భార్య కాపీలు దిద్దుతూ తలెత్తి చూస్తుంది. చూడగానే నా లోపల ఏముందో ఆమెకు అర్థమవుతుంది. లేచి వచ్చి నా పక్కన నిలబడుతుంది. ఇద్దరం నోరు తెరవాల్సిన పనే ఉండదు. ఇప్పుడు రాస్తుంటే నవ్వు వస్తోంది గానీ, అప్పుడు నా ఆశంతా దాని మీదే ఉండేది.

మొదటి ఫోటోకు శామీర్‌పేట చెరువు అనుకున్నాను. ఖాళీ నీళ్ళు, ఖాళీ ఆకాశం. శూన్యానికి అంతకంటే ఏం కావాలి? నేను మరిచిపోయిందేమిటంటే ఆదివారం నాడు సగం హైదరాబాదు శామీర్‌పేట చెరువు మీదే ఉంటుంది. కట్ట పొడుగునా బండ్లు. కాల్చిన కంకుల పొగ. ముఖానికి చున్నీ చుట్టుకున్న అమ్మాయిలు, వాళ్ళను బండి వెనక ఎక్కించుకొచ్చి హీరోలయిన అబ్బాయిలు. నేను కెమెరా ఎటు తిప్పినా అందులోకి ఎవరో ఒకరు నవ్వుతూ వచ్చి నిలబడేవారు. "అన్నా, మాది గూడ ఒకటి కొట్టు" అనేవారు. మొదటి ఆదివారం నలభై ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ జనం సంతోషంగా ఉన్నారు.

రెండో ఆదివారం కట్ట దిగి, దూరంగా ఒక మూలకు పోయాను. అక్కడ దగ్గరి ఊరి ముస్లిం కుటుంబం ఒకటి చాప పరుచుకుని కూర్చుంది. ఒక పెద్దాయన, ఆయన కొడుకులు, కోడళ్ళు, లెక్క తెలియనంతమంది పిల్లలు. మేకల వ్యాపారమట. నేను స్టాండు పెట్టి అరగంట సేపు కదలకుండా నిలబడేసరికి పెద్దాయనకు జాలి వేసింది.

"ఏం తీస్తున్నవ్ బేటా?"

"చెరువు, చాచా."

"చెరువుల ఏముంది? పానీ ఉంది."

"ఖాళీగ ఉంటె తీద్దామని చూస్తున్న."

ఆయన చెరువు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "ఇత్వార్ నాడు ఖాళీ యాడ దొర్కుతది? సోమారం రా. ఇయ్యాల మమ్మల్ని తీయ్."

తీశాను. వరసగా పదకొండు తీశాను. తర్వాత నన్ను చాప మీద కూర్చోబెట్టి బగారా అన్నం, కోడి కూర పెట్టారు. వద్దంటే ఆయన "నక్కో అనొద్దు" అని మళ్ళీ వడ్డించాడు. శూన్యాన్ని వెతుక్కుంటూ పోయినవాణ్ణి కడుపు నిండా తిని త్రేన్చాను. చేతులు కడుక్కుంటుంటే ఆయన మామూలుగా అందరూ అడిగే మాటే అడిగాడు, పిల్లలు ఎంతమంది అని.

"లేరు చాచా," అన్నాను.

"ఇస్తడు అల్లా. పరేషాన్ గాకు," అన్నాడు.

నాలుక చివరిదాకా వచ్చింది, ఇచ్చాడు చాచా, తీసుకున్నాడు అని చెబుదామని. చెప్పలేదు. నీళ్ళు బాగున్నాయి అన్నాను. ఆ ఒక్క మాట ఆ పరాయి మనిషికి చెప్పి ఉంటే, ఇంటికి పోయి చెప్పడం కొంచెం సులువయ్యేదేమో. పిరికితనం కూడా ఆదివారాలు సెలవు తీసుకోదని ఆ రోజు తెలిసింది.

మూడో ఆదివారం పొద్దున్నే ముసురు పట్టింది. కంకులు కాల్చే ఆమె కూడా రాలేదు. ఒక ఐదు నిమిషాలు చెరువు మొత్తం నా ఒక్కడికే దొరికింది. బూడిద రంగు నీళ్ళు, అదే రంగు ఆకాశం, నీళ్ళల్లో ఒక మోడు. గొడుగు మెడకూ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని తీశాను. నిజం చెప్పాలంటే ఆ ఫోటో బాగుంది. చూస్తే నాకే గుండె బరువెక్కింది.

సోమవారం కెమెరా అప్పగించాను గానీ అందులోంచి ఫోటో తీసేయడం మరిచిపోయాను. మా ఆఫీసు యజమాని గాజులరామారంలో సొంత భూములు అమ్ముకుని, ఇప్పుడు ఇతరుల భూములు అమ్మిపెట్టే మనిషి. ఆయన ఆ ఫోటో కంప్యూటర్ మీద పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"మస్తుగొచ్చింది రా బై. గిది బ్రోషర్ మీద ఏస్తే అయిపాయె."

"సార్, అది అమ్మకానికి కాదు. మనసు గురించి తీసింది."

"మనసు గురించే గద ఎవలైన ప్లాటు కొనేది," అన్నాడాయన.

వారం తిరిగేసరికి నా శూన్యం మీద అడ్డంగా ఎర్ర అక్షరాలతో "ప్రశాంత జీవనం, లేక్ వ్యూ ప్లాట్లు" అని అచ్చయింది. ఆ ప్లాట్లున్న వెంచరుకూ చెరువుకూ మధ్య రెండు ఊళ్ళున్నాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి చూసినా చెరువు కనపడదు. ఆ బ్రోషరును నేనే వంద మందికి పంచాను.

రెండో ఫోటోకు ఆ వెంచరుకే వెళ్ళాను. దున్నడం మానేసిన ఎర్ర నేల మీద సున్నం కొట్టిన హద్దు రాళ్ళు వరసగా పాతి ఉంటాయి. మధ్యలో ఏమీ ఉండదు. ఇళ్ళు రావాలి, రాలేదు. సాయంత్రపు ఎండలో వాటి నీడలు పొడుగ్గా పడతాయని, అప్పుడు అవి చిన్న చిన్న సమాధుల మాదిరి కనపడతాయని నా లెక్క. అయిదింటికి చేరుకున్నాను. కెమెరా కన్నులోంచి చూస్తున్న కళాకారుడికి ఏమైందో గానీ, లోపలున్న ప్లాట్లు గీసేవాడు లేచి కూర్చున్నాడు. రెండో వరస వంకరగా ఉంది. నేను గీసినదానికి అడుగున్నర పక్కకు పాతారు. వాచ్‌మన్‌ను పిలిచి టేపు తెప్పించి, ఆయన ఒక కొసా నేను ఒక కొసా పట్టుకుని కొలిచాం. కొలిచి, తప్పెవరిదో తేల్చి, నాది కాదని నిర్ధారించుకునేసరికి ఎండ పోయింది. మళ్ళీ ఆదివారం వచ్చి, ఈసారి రాళ్ళ వరస వైపు చూడకుండా నీడల వైపే చూసి ఫోటో తీశాను.

మూడోది నా ముఖం. మధ్యలో పెట్టేది అదే. దాని కోసం పదిహేను రోజులు గడ్డం పెంచాను. శూన్యం గడ్డం లేకుండా ఉండదని నాకెవరు చెప్పారో గుర్తులేదు. పన్నెండో రోజున నా భార్య కాపీల మీంచి తలెత్తకుండా, "దురద పెడ్తలేదా?" అని అడిగింది. గమనించింది గదా అని నేను రెండు రోజులు ఆ మాటనే తలుచుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయినప్పుడు, బియ్యం డబ్బా మీద కెమెరా పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి, కిటికీ పక్కకు పరుగెత్తి శూన్యంగా చూడడం మొదలుపెట్టాను. పది సెకన్లలో పరుగెత్తి రొప్పు ఆపుకుని శూన్యంగా చూడడం చెప్పినంత తేలిక కాదు. ఒక ఫోటోలో నోరు తెరిచి ఉంది. ఒకదాంట్లో అవ్వ చాట పట్టుకుని నాకూ కెమెరాకూ మధ్యలోంచి నడిచిపోతోంది. చివరికి ఎంచుకున్న ఫోటోలో నా కళ్ళల్లో నిజంగానే లోతైన బాధ కనిపించింది. కెమెరా డబ్బా మీంచి జారుతుందేమోనని చూస్తున్నాను అప్పుడు. అది పగిలితే ఆఫీసులో ఏం చెప్పాలి?

నవంబరులో మూడింటినీ ఆఫీసు కంప్యూటర్ మీద కలిపాను. ఎడమ చెరువు, మధ్యన నేను, కుడి పక్క రాళ్ళు. నీళ్ళ గీత నా కళ్ళ దగ్గరికి, అక్కణ్ణుంచి రాళ్ళ వరసకూ సాగిపోయేటట్టు ఎన్నిసార్లు జరిపానో లెక్కలేదు. మూడింటినీ నలుపు తెలుపు చేశాను. ఫోటో స్టూడియోలో అచ్చుకిస్తే అక్కడి ఆయన చాలాసేపు చూసి, "రెండు దిక్కుల గులాబీలు పెడ్దామా సార్? మేడం ఫోటో ఉంటే మీ పక్కన హార్ట్ షేప్‌ల కూసోబెడ్త, నిండుగ ఉంటది," అన్నాడు. కళ తెలియని మనిషని జాలిపడి, నల్ల ఫ్రేము ఒక్కటి చాలని చెప్పి తెచ్చుకున్నాను. ఆయన సలహాలో నా భార్య ఉందనీ, నా కళలో లేదనీ నాకు అప్పుడు తట్టలేదు.

ఇక్కడే చెప్పేస్తాను, ఆ ఫ్రేము ప్రదర్శనకు వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ముందు గదిలో మేకు కొట్టి తగిలించాను. ఎదురుగా కుర్చీలో నా భార్య పరీక్ష కాగితాలు దిద్దుతోంది. తలెత్తి చూసింది. నేను సుత్తి చేత్తోనే పట్టుకుని నిలబడ్డాను.

"మంచిగుంది," అంది. మళ్ళీ కాగితాల్లోకి తల దించింది.

అంతే. నాలుగు నెలలు చెరువు గట్ల మీద తిరిగి, గడ్డం పెంచి, టేపు పట్టి తెచ్చిన నా మానసిక స్థితి "మంచిగుంది" దగ్గర ఆగిపోయింది. కుక్కర్ రబ్బరు తెచ్చిన రోజు కూడా ఆమె అదే మాట అంది.

ఈలోగా అవ్వ వచ్చింది. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫ్రేము దగ్గరికి వెళ్ళి, నా ముఖాన్ని వేలితో తాకింది.

"పన్ను నొస్తాందారా?"

"లేదవ్వ. అది బాధ."

"అదే అంటున్న. లవంగం పెట్టుకోకపోయినవా?" అని, ఫోటోలను ఒక కొస నుంచి మరో కొసకు లెక్కపెట్టింది. "ఇంకోటేది?"

"ఇంకోటి లేదు. మూడే."

"మూడేందిరా? మూడు పెట్టొద్దు."

మా ఇళ్ళల్లో ఎవరూ మూడు పెట్టరు. విస్తట్లో మూడు రొట్టెలు వేయరు, మూడోది వేస్తే దాన్ని తుంచి నాలుగు చేస్తారు. పగవాళ్ళకే మూడు పెడతారంటారు. ముగ్గురు కలిసి మంచి పనికి పోరు. ముగ్గురు కలిసి ఫోటో దిగరు, దిగితే మధ్యన ఉన్నవాళ్ళకు మంచిది కాదని నమ్మకం. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మూడు ఫోటోలను ఏరికోరి ఒక ఫ్రేములో బిగించి, అందులో మధ్యన నన్ను నేనే పెట్టుకుని, దాన్ని గోడకు తగిలించేదాకా ఒక్కసారైనా గుర్తురాలేదు. ఎనిమిది జేబుల ఆయన నా బుర్రను అంతగా శుభ్రం చేశాడు.

"ఇది కళ అవ్వ. కళల మూడే ఉంటయ్," అన్నాను.

"ఉండనీ. కళైతే నాలుగు పెట్టరాదా?"

"నాలుగు పెడితే అర్థం మారుతది."

"గీడ అర్థమేముంది? ఒక చెర్వు, నీ పంటి నొప్పి, గా రాళ్ళు. పోని రాళ్ళది తీసెయ్, రెండుంటయ్. లేదంటే మొన్న సెల్లుల బర్రెను తీస్తివి గద, మంచిగొచ్చింది. అది పెట్టు."

నా భార్య పెదవుల మీద నవ్వు కదిలినట్టు అనిపించింది. దాంతో నాకు రోషం వచ్చింది. నా బాధ పక్కన బర్రెను కట్టేయమంటుందా అని.

"ఈ పట్టింపులతోనే గద అవ్వ, మన ఇంట్ల ఒక్క ఫోటో లేదు. మనం ముగ్గురం కలిసి ఒక్కసారన్న దిగినమా?"

"దిగకపోతే నేనేం జేత్తునురా," అంది అవ్వ. ఆమెకూ పౌరుషం వచ్చింది. "ముగ్గురం దిగొద్దనే గద ఆపిన. నలుగురమైనంక దిగుదాం, చిన్నదాన్ని నా ఒళ్ళ కూసోబెట్టుకుంట అని నేనే..."

అక్కడ ఆగిపోయింది.

ఐదు నెలలు ఇంట్లో ఎవ్వరూ ఎత్తని మాట, ఎత్తొద్దన్న మనిషి నోట్లోంచే వచ్చింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా గడప మీద కూర్చుంది. "నా నోరు పడిపోను," అని గొణిగింది. నా భార్య చేతిలోని ఎర్ర పెన్ను కాగితం మీద ఆగింది. అది ఆగిన చోట సిరా చిన్న మచ్చ కట్టింది.

నేను ఎదురుచూసిన క్షణం అదే. ఆమె దగ్గరికి పోవాలి. ఏదో ఒకటి చెప్పాలి. నేను చేసిందేమిటో సిగ్గు విడిచి రాస్తున్నాను. ఫ్రేము దగ్గరికి పోయి, "కుడి దిక్కు కొంచెం దిగినట్టుంది" అని సరిచేయడం మొదలుపెట్టాను.

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. బీరువా తలుపు కిర్రుమంది. కాసేపటికి వచ్చి నా పక్కన నిలబడి, అరచేయంత కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. నున్నగా, కొసలు చుట్టుకుపోయి ఉంది.

నాలుగో నెలలో తీసిన స్కానింగ్ ఫోటో. ఆ రోజు ఆస్పత్రి వరండాలో దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, ముక్కు అచ్చం మా అవ్వదే, ఆడపిల్లయితే పెళ్ళికి కష్టమేనని నేనే నవ్వించాను. ఫైలుతోపాటు ఆస్పత్రిలోనే ఉండిపోయిందనుకున్నాను. ఆమె దాచుకుందని నాకు తెలియదు. అప్పుడు నల్లటి నలుపు, తెల్లటి తెలుపు. ఇప్పుడంతా పాలిపోయి బూడిద రంగుకు తిరిగింది. ఒక పక్కన తల ఉన్నదని తెలిసినవాళ్ళకే తల కనపడుతుంది.

"చెరిగిపోతాంది," అంది. గొంతు మామూలుగానే ఉంది. "గా కాగితం గట్లనే అయితదట. రాఖీ పున్నమకు చూసినప్పుడు చేతులు గూడ కనవడ్డయ్. బడి దగ్గర జిరాక్స్ తీయిస్తే అంత నల్లగొచ్చింది. నీ కెమెరాతోని దీన్ని ఒక ఫోటో తీస్తవా?"

కాగితాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకున్నాను.

"ఎన్నడో అడుగుదామనుకున్న," అంది. "కెమెరా ఆదివారమే ఉండె ఇంట్ల. ఆదివారం నువ్వు ఉండకపోతివి."

లేని దాన్ని ఫోటో తీయడానికి నేను చెరువుల వెంట, రాళ్ళ వెంట తిరిగిన ప్రతి ఆదివారం, ఉన్న ఒక్కటీ మా బీరువాలో కొంచెం కొంచెం చెరిగిపోతూ వచ్చింది. ఆమె ఒక్కతే దాన్ని చేత్తో పట్టుకుని జిరాక్స్ షాపు ముందు నిలబడింది. ఆ షాపువాడు ఇదేందమ్మా అని అడిగి ఉంటాడు. ఏం చెప్పిందో నేను ఇప్పటికీ అడగలేదు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

కెమెరా తెచ్చాను. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని పీట వేసి దాని మీద కాగితం పెట్టాం. కొసలు చుట్టుకుపోతుంటే ఒక పక్క ఆమె వేలితో నొక్కింది. అవ్వ ఎప్పుడు లేచి వచ్చిందో, రెండో పక్క తన వేలు పెట్టింది. మొదటి ఫోటోలో కాగితం మీద సగం నా తల నీడే పడింది. అక్కడ కూడా నేనే అడ్డం. రెండోది కదిలి అలుక్కుపోయింది. "మళ్ళ తీయ్," అంది నా భార్య. ఊపిరి ఆపి మూడోది తీశాను. "ఇంకోటి తీయిరా," అంది అవ్వ. నాలుగోది స్పష్టంగా వచ్చింది.

కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద దాన్ని పెద్దది చేసి చూపించాను. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. నేను అటూ ఇటూ జరిపాను. తల గుండ్రం కనపడింది. వెన్ను గీత కనపడింది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఒట్టి బూడిద రంగు.

"ముక్కు రాలేదు," అంది నా భార్య.

"కాగితం మీదనే పోయింది. ఇంక రాదు," అన్నాను.

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పి నా ముఖంలోకి చూసింది. ఐదు నెలల్లో మొదటిసారి.

"నువ్వు ఆ దినం మంచిగ చూసినవ్ గద. నేను ముక్కు సరిగ చూడనేలేదు, తర్వాత చూద్దాంలే అనుకున్న. మళ్ళ తీసి చూసేసరికే ముఖం చెరిగింది. ఎట్లుండెనో చెప్పు."

ఈసారి ఫ్రేము ఏదీ వంకరగా లేదు, కొలవడానికి రాళ్ళూ లేవు. కెమెరా పక్కన పెట్టి, కింద ఆమె పక్కన కూర్చుని, మా బిడ్డ ముక్కు ఎట్లా ఉండేదో చెప్పడం మొదలుపెట్టాను.